విదేశాల నుంచి సాయం చేయాలంటే మన ఊళ్లో ఎవరితో కలవాలి?



మార్కులు, హోంవర్క్ మాటలు అయ్యాక పేరెంట్ మీటింగుల్లో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వస్తోంది. "అమెరికాలో మా తమ్ముడూ వాళ్ల ఫ్రెండ్సూ కలిసి చిన్న సంస్థ పెట్టారు మేడం. మన వైపు గవర్నమెంటు బడి పిల్లలకు ట్యూషన్లు పెట్టించాలని ఉంది. ఇక్కడ ఎవరిని కలవాలి?" విదేశాల్లో బంధువులున్న మిగతావారికీ ఉపయోగపడుతుందని కొంచెం వివరంగా రాస్తున్నాను.

మన దగ్గరే ఒక మంచి ఉదాహరణ ఉంది. బత్తలపల్లి ఆసుపత్రి వల్ల ఆర్డీటీ అంటే ధర్మవరం వైపు తెలియనివారు ఉండరు. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి ఈ ట్రస్టు పనిని మొదలుపెట్టారు. విరాళాలు సేకరించే ఫౌండేషన్ స్పెయిన్‌లో ఏర్పడింది మాత్రం 1996లో. అంటే ఇక్కడ పని మొదలైన 27 ఏళ్లకు! ఇప్పుడు చాలామంది దీన్ని తిరగేసి చేస్తున్నారు. ముందు అక్కడ రిజిస్ట్రేషన్, లోగో, వెబ్‌సైట్ అన్నీ అయిపోతాయి. ఆ తర్వాత ఊళ్లో మనిషి కోసం వెతుకుతారు.

బడి వేళకు ముందు, తర్వాత పల్లెల్లోనే పిల్లలను కూర్చోబెట్టి చదివించే సప్లిమెంటరీ స్కూళ్లను ఆర్డీటీ నడిపింది. ఊరి కమిటీలను కలుపుకుని పని చేసింది. ఇలాంటి పనికి ఊరివాళ్లే ఎందుకు కావాలంటే, మగ్గం ఉన్న ఇంట్లో పిల్ల సాయంత్రం ఏ వేళకు ఖాళీ అవుతుందో ధర్మవరం మనిషికి తెలుస్తుంది. అమ్మానాన్నలు బెంగళూరుకు కూలికి పోతే అవ్వ దగ్గర ఉన్న పిల్లాడు బడికి ఎందుకు రావట్లేదో పెనుకొండ పల్లెలో పక్కింటివాళ్లకు తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో చక్కగా రిపోర్టు రాసేవారు సులభంగానే దొరుకుతారు (ఇంగ్లిష్ చెప్పే నేనే ఈ మాట అంటున్నాను). ఈ సంగతులు తెలిసినవారిని వెతకడమే కష్టం.

ఇక చట్టం. మీ తమ్ముడికి భారత పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అక్కడ రిజిస్టర్ అయిన సంస్థ పంపినా అంతే. అప్పుడు డబ్బు తీసుకునే ఇక్కడి సంస్థకు 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ చట్టం కింద అనుమతి ఉండాలి. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. కొత్తగా రిజిస్ట్రేషన్ కోరే సంస్థ కనీసం మూడేళ్లుగా ఉండి, ఆ మూడేళ్లలో 15 లక్షలు అసలు పనిపై ఖర్చు చేసి ఉండాలి.

2020 సవరణ దీన్ని ఇంకా బిగించింది. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాకే రావాలి. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బును మరో సంస్థకు ఇవ్వకూడదు. హైదరాబాద్‌లో పెద్ద సంస్థకు పంపితే, వారు హిందూపురంలో చిన్న సంస్థకు ఇస్తారులే అనుకుంటే కుదరదు. అసలు పని చేసే సంస్థకే అనుమతి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

మన దేశం నుంచి బయటికి వెళ్లిన సంస్థలకూ స్థానికులు కావలసి వచ్చింది. ముంబైలో పుట్టిన ప్రథమ్ సంస్థ, తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి పిల్లలను గుంపులుగా చేసి చెప్పే పద్ధతిని తెచ్చింది. ఆఫ్రికాలో జాంబియాకు ఆ పద్ధతి వెళ్లినప్పుడు క్లాసులు చెప్పింది అక్కడి ప్రభుత్వ టీచర్లే.

కాబట్టి మీవాళ్లు అడిగితే, ముందుగా ఆ ఊరి హెడ్‌మాస్టర్‌నూ బడి కమిటీనీ కలవమనండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉంటారు. పిల్లలకు ట్యూషనే కావాలా, మరేదైనా కావాలా అన్నది వారినే అడగమనండి. ఆ తర్వాత సంస్థ రిజిస్ట్రేషన్ గడువు, గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు చూసుకుని, అప్పుడు డబ్బు పంపమనండి.