మేయర్‌గారూ, మీకో కాల్!

బిల్ డి బ్లాసియో న్యూయార్క్ మేయర్‌గా ఉన్నప్పుడు శుక్రవారాల్లో డబ్ల్యూఎన్‌వైసీ రేడియోలో బ్రయాన్ లేరర్ షోకి వచ్చేవారు. అద్దెలు, బస్సులు, బడులు... జనం ఫోన్ చేసి నేరుగా అడిగేవాళ్లు. ఆ ఎపిసోడ్లు వింటుంటే నాకు కుళ్లొచ్చింది!

మన ఎఫ్ఎం ట్రాఫిక్ ఎక్కడ ఆగిందో చెప్తుంది. ఆ ఫ్లైఓవర్ ఎందుకు ఆగిందని మాత్రం ఏ నాయకుణ్నీ అడగదు. తప్పు ఆర్జేలది కాదు. ప్రైవేట్ ఎఫ్ఎంలకి సొంతంగా వార్తలు, రాజకీయ చర్చలు నడిపే అనుమతే లేదు. ఆకాశవాణి బులెటిన్‌ని ఉన్నదున్నట్టు వినిపించొచ్చు, అంతే. టీవీకీ యూట్యూబ్‌కీ లేని కట్టడి రేడియోకెందుకు?

గంటకి 10 నిమిషాలు వార్తలకి వదలమని 2023లో ట్రాయ్ సిఫార్సు చేసింది. నాయకుడు తప్పించుకోలేని ఒక్క ప్రశ్నకి ఆ 10 నిమిషాలు చాలు. లైన్ ఓపెన్ అయితే, మొదటి కాల్ మా కాలనీ డ్రైనేజీ గురించే!