హౌస్ సంగీత వికాసంలో ఫ్రాంకీ నకిల్స్ పాత్ర

స్వయంగా పాడక, వాద్యం చేతబట్టక, కేవలం ఇతరుల రికార్డులను వినిపించేవాడు ఒక నూతన సంగీత రీతికి రూపకర్త కాగలడా? 'డి.జె.' అనగానే మన విద్యార్థులకు ఊరేగింపులలో చెవులు చిల్లులు పడే ధ్వని మాత్రమే స్ఫురిస్తుంది. కనుక 'కాలేడు' అన్నదే సహజంగా తోచే సమాధానం. అయితే అమెరికాలోని చికాగో నగరంలో జనించిన 'హౌస్' సంగీత చరిత్ర ఇందుకు భిన్నమైన సమాధానం ఇస్తున్నది. ఆ చరిత్రను సంగ్రహంగా పరిచయం చేయడమే మా ఉద్దేశం.

ఫ్రాంకీ నకిల్స్ 1955లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో నల్లజాతి కుటుంబంలో జన్మించాడు. మిత్రుడు లారీ లెవాన్‌తో కలిసి ఆ నగరపు నృత్యశాలలలోనే ఈ విద్యను అభ్యసించాడు. 1977లో రాబర్ట్ విలియమ్స్ అనే నిర్వాహకుడు చికాగోలో 'వేర్‌హౌస్' అనే నృత్యశాలను ప్రారంభిస్తూ మొదట లెవాన్‌ను ఆహ్వానించాడు. అతడు నిరాకరించడంతో ఆ అవకాశం నకిల్స్‌కు దక్కింది. అక్కడికి వచ్చినవారిలో అధికులు నల్లజాతి, లాటిన్ అమెరికన్ యువకులు. వారిలోనూ పలువురు స్వలింగ ప్రేమికులు. రంగు చూసి కొందరు, ప్రేమించే తీరు చూసి మరికొందరు తలుపులు మూసిన ఆ యువతకు శనివారపు రాత్రులలో వేర్‌హౌస్ ఒక నీడ అయింది.

ఆ కాలంలో నృత్యశాలలను ఏలినది డిస్కో సంగీతం. దానిపై వ్యతిరేకత ప్రబలి, 1979 జూలై 12న చికాగోలోని కోమిస్కీ పార్క్ క్రీడా మైదానంలో డిస్కో రికార్డులను గుట్టగా పోసి పేల్చివేశారు. ప్రేక్షకులు మైదానంలోకి చొరబడగా ఆనాటి రెండవ ఆట ఆగిపోయింది. క్రమంగా రికార్డు కంపెనీలు కూడా డిస్కోకు దూరమైనాయి. నృత్యానికి అనువైన కొత్త రికార్డులు అరుదైపోయిన ఆ తరుణంలోనే నకిల్స్ ప్రతిభ వెల్లడైంది.

కొత్తవి లభించనప్పుడు అతడు పాతవాటినే కొత్తగా మలిచాడు. పాటను టేపుపైకి ఎక్కించి, ఆ టేపును కత్తిరించి, అతికించి, మూడు నిమిషాల పాటలోని తాళభాగాన్ని ఎంతో దీర్ఘంగా సాగదీశాడు. రెండు టర్న్‌టేబుళ్లపై రెండు రికార్డుల వేగాన్ని సమం చేసి, లయ తెగకుండా ఒక పాట నుండి మరొక పాటకు సాగిపోయేవాడు. తరువాతి కాలంలో జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ వారి టి.ఆర్.-909 అనే తాళయంత్రాన్ని డెట్రాయిట్ సంగీతకారుడు డెరిక్ మే వద్ద కొని, పాటల అడుగున దాని దరువును జోడించాడు. నాలుగు దెబ్బలూ సమానంగా మోగే ఆ దరువే హౌస్ సంగీతానికి వెన్నెముక.

ఇందులో కళ ఎక్కడున్నదని అడగవచ్చు. ముషాయిరాలో శ్రోతలు 'ముకర్రర్' అనగానే షాయర్ ఆ షేర్‌ను మరల చదువుతాడు. పద్యనాటకంలో 'వన్స్‌మోర్' అనగానే నటుడు పద్యాన్ని మళ్లీ అందుకుంటాడు. ఏ చరణం ఎంతసేపు నిలవాలో నిర్ణయించడంలో శ్రోతకూ భాగమున్నది. నకిల్స్ శ్రోతలు నోటితో అడగలేదు, పాదాలతో అడిగారు. ఆ కోరికను గ్రహించి, ఎప్పుడు పొడిగించాలో, ఎప్పుడు ఆపాలో ఎరగడమే అతని విద్య.

వేర్‌హౌస్‌లో వినిపించే పాటల కోసం యువకులు రికార్డుల దుకాణాలకు వెళ్లి అడగసాగారు. ఆ శాల పేరులోని చివరి భాగమే 'హౌస్' అన్న పేరైనదని ప్రసిద్ధి. క్రమంగా స్థానిక యువకులు సొంతంగా టేపులు తయారుచేశారు. జేమీ ప్రిన్సిపుల్ పాటలు రికార్డులుగా వెలువడక పూర్వమే నకిల్స్ ద్వారా జనంలోకి వెళ్లాయి. 1984లో జెస్సీ సాండర్స్ 'ఆన్ అండ్ ఆన్' రికార్డు వెలువడింది. 1987 జనవరిలో స్టీవ్ 'సిల్క్' హర్లీ పాట బ్రిటన్‌లో ప్రథమ స్థానం పొందింది. ఈ ఘనత నకిల్స్ ఒక్కడిది కాదు. 'మ్యూజిక్ బాక్స్' అనే శాలలో మరింత ఉద్ధృతంగా సంగీతం వినిపించిన రాన్ హార్డీ వంటి వారికీ ఇందులో వాటా ఉన్నది. అయితే తొలి బాట వేసినవాడు నకిల్స్.

1998లో అతనికి గ్రామీ పురస్కారం లభించింది. 2004లో చికాగో నగరం వేర్‌హౌస్ ఉన్న వీధిభాగానికి అతని పేరు పెట్టింది. 2014 మార్చి 31న అతడు మరణించాడు. 2023లో ఆ భవనం నగరపు సంరక్షిత కట్టడమైనది. రికార్డులను పేల్చివేసిన నగరమే, వాటిని కాపాడినవాని చిరునామాను భద్రపరచుకున్నది.

లేనిదానిని సృష్టించడం మాత్రమే కళ అని మనం భావిస్తాము. ఇతరులు పారవేసిన దానిలో ప్రాణమున్నదని గుర్తించి, దానిని అవసరమైన వారి చెంతకు చేర్చడం కూడా కళయే అని మా విశ్వాసం. చేతిలో ఉన్నది స్వల్పమని నిరుత్సాహపడే విద్యార్థులు ఈ చరిత్రను ఒకసారి తలచుకొందురు గాక.