నీటి అంచు భూములు: లీజు చట్టాలు, ప్రజాప్రయోజనం

నగరంలో స్థలం చాలనప్పుడు అంతస్తు మీద అంతస్తు నిర్మించవచ్చు. ఊరి పొలిమేరలను విస్తరింపజేయవచ్చు. కాని నీటి అంచున గల భూమికి ప్రత్యామ్నాయం లేదు. ఓడ నిలవాలన్నా, పడవ దిగాలన్నా, వల ఆరాలన్నా, సాయంకాలం నగరవాసి నాలుగడుగులు నడచి గాలి పీల్చుకోవాలన్నా ఆ కొద్దిపాటి భూమే ఆధారం. పూర్వపు లెక్క ప్రకారం 7,516 కిలోమీటర్లుగా ఉన్న మన దేశ తీరరేఖ నూతన కొలతల ప్రకారం 11,098 కిలోమీటర్లకు పైగా తేలినది. అయితే మారినది కొలత మాత్రమే. రేవులకు, నగరాలకు ఆనుకొని ఉన్న ఉపయోగకరమైన తీరభూమి మునుపటంతే ఉన్నది. దానిని కోరేవారి సంఖ్య మాత్రం ఏటేటా పెరుగుతున్నది.

ఈ భూమిలో అధికభాగం ప్రభుత్వానిదో, ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఓడరేవు సంస్థలదో. దానిని గిడ్డంగులకు, చమురు తొట్లకు, హోటళ్లకు, వ్యాపార సముదాయాలకు లీజుపై ఇవ్వడం చాలాకాలంగా సాగుతున్నదే. విక్రయించక లీజుకే ఇవ్వడంలో ఒక ధర్మసూత్రం ఇమిడి ఉన్నది. అనుభవించే హక్కును కొంతకాలం పాటు ఇతరులకు అప్పగించినా, స్వామ్యం ప్రజల చేతిలోనే నిలిచి ఉండాలన్నదే ఆ సూత్రం. ఇందుకు మన చట్టాలు ఎంతవరకు పూచీ పడుతున్నవో పరిశీలించడం అవసరం.

స్వామ్యం ఎవరిది?

తీరభూమి అంతా ఒకే అధికారం కింద లేదు. రాజ్యాంగంలోని 297వ అధికరణం ప్రకారం ప్రాదేశిక జలాల అడుగున గల భూమి, ఖనిజాలు, ఇతర విలువైన వస్తువులు కేంద్రానికి చెందుతాయి. ప్రధాన ఓడరేవులు కేంద్ర జాబితాలోను, తక్కిన ఓడరేవులు ఉమ్మడి జాబితాలోను చేర్చబడినవి. ఆంధ్ర ప్రాంతంలో అమలులో ఉన్న 1905 నాటి భూఆక్రమణ చట్టం పోటునీటి గుర్తుకు దిగువనున్న సముద్రగర్భమూ, రేవుల గర్భమూ, నదులు, వాగులు, చెరువుల గర్భాలూ, ఇతరులకు హక్కు ఉన్నట్లు రుజువైనంత మేరకు తప్ప, ప్రభుత్వ ఆస్తి అని శతాబ్దం క్రిందటనే ప్రకటించినది.

స్వామ్యం ఉన్నంత మాత్రాన ప్రభుత్వం తన ఇచ్చవచ్చినట్లు వినియోగించవచ్చునా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో స్పష్టమైన సమాధానమిచ్చినది. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డునగల అటవీభూమిని ఒక హోటలుకు లీజుకిచ్చిన వ్యవహారమది. హోటలు రక్షణ కోసం నదీ ప్రవాహాన్నే మళ్లించే ప్రయత్నాలు జరిగినవి. ఎం.సి. మెహతా–కమల్‌నాథ్ కేసుగా ప్రసిద్ధికెక్కిన ఈ వ్యాజ్యంలో న్యాయస్థానం ఆ లీజును రద్దు చేసినది. సముద్రతీరము, పారే నీరు, గాలి, అడవి వంటి సహజ సంపదలకు ప్రభుత్వం యజమాని కాదనీ, ప్రజల పక్షాన ధర్మకర్త మాత్రమేననీ ఉద్ఘాటించినది.

ఈ సిద్ధాంతానికి న్యాయస్థానం చూపిన ఆధారాలలో ఒకటి అమెరికాలోని షికాగో నగరానికి సంబంధించినది. 1869లో ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభ మిషిగన్ సరస్సు గర్భంలో వెయ్యి ఎకరాలకు పైగా ఒక రైల్వే కంపెనీకి ధారాదత్తం చేసినది. నాలుగేళ్లకే తప్పు గ్రహించి, ఆ శాసనాన్ని రద్దు చేసినది. కంపెనీ న్యాయస్థానానికి వెళ్లగా, నౌకాయానానికి, చేపల వేటకు ప్రజలకు ఉపయోగపడే నీటి కింది భూమిని పూర్తిగా పరాధీనం చేసే అధికారం శాసనసభకు సైతం లేదని అమెరికా సుప్రీంకోర్టు 1892లో తీర్పునిచ్చినది. నీటి అంచు భూమిని సాధారణమైన ప్రభుత్వ భూమితో సమానంగా చూడరాదన్న భావన ఆ విధంగా బలపడినది.

ఓడరేవు చట్టాల పరిణామం

మన దేశంలో తీరభూముల లీజు చరిత్రకు ముంబయి నగరమే ప్రధాన ఉదాహరణ. పందొమ్మిదవ శతాబ్దంలో అక్కడ సముద్రాన్ని పూడ్చి భూమిని తయారు చేసే పని ప్రైవేటు కంపెనీల చేతిలో ఉండేది. రేవుకు కీలకమైన తీరం ఒక కంపెనీ గుత్తాధిపత్యంలో ఉండటం క్షేమకరం కాదని భావించి, ప్రభుత్వం 1870లో ఎల్ఫిన్‌స్టన్ కంపెనీ ఆస్తులను కొనివేసినది. 1873లో పోర్టు ట్రస్టు ఏర్పడినది. నగరం తూర్పు అంచున వందలాది ఎకరాలు దాని అధీనంలోకి వచ్చినవి. ఆనాడు స్వల్పమైన అద్దెలకు దీర్ఘకాలం ఇచ్చిన లీజులు తర్వాతి తరాలకు పెద్ద చిక్కు సమస్యగా పరిణమించినవి.

స్వాతంత్ర్యానంతరం ప్రధాన ఓడరేవులకు ఉమ్మడి చట్టంగా 1963 నాటి మేజర్ పోర్ట్ ట్రస్టుల చట్టం వచ్చినది. 1933లో ప్రారంభమైన విశాఖపట్నం రేవు ఈ చట్టం కింద 1964లో పోర్టు ట్రస్టుగా రూపొందినది. రేవు ఆస్తులు ట్రస్టీల బోర్డుకు సంక్రమించినవి. అయితే స్థిరాస్తిని కొనాలన్నా, అమ్మాలన్నా, ముప్పయి ఏళ్లకు మించి లీజుకివ్వాలన్నా కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి చేయబడినది. 1997లో ఏర్పడిన టారిఫ్ ప్రాధికార సంస్థకు సేవల రుసుములతో పాటు భూముల అద్దె రేట్లను ఖరారు చేసే అధికారం కూడా దక్కినది.

ఈ చట్టం స్థానంలో మేజర్ పోర్ట్ అథారిటీల చట్టం 2021లో అమలులోకి వచ్చినది. విశాఖతో సహా 11 ఓడరేవులకు ఇది వర్తిస్తుంది. రేవు ఆస్తులను రేవు ప్రయోజనార్థం వినియోగించే విషయంలోను, భూమి రేట్లను నిర్ణయించే విషయంలోను బోర్డులకు విస్తృతాధికారాలు లభించినవి. రేట్లను గతకాలానికి వర్తింపజేయరాదన్న నియమం కూడా ఉన్నది. రేవు సంబంధమైన వినియోగం, రేవుతో సంబంధంలేని వినియోగం అని చట్టమే వేరు చేసి చెప్పడం గమనార్హం. ఇక 1908 నాటి భారతీయ ఓడరేవుల చట్టం స్థానే 2025లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించినది. ఇతర ఓడరేవులను నిర్వహించే రాష్ట్ర మారిటైమ్ బోర్డుల పాత్రను అది చట్టబద్ధం చేసినది. గుజరాత్ 1981లోను, ఆంధ్రప్రదేశ్ 2018లోను ఇట్టి బోర్డుల కొరకు చట్టాలు చేసుకొన్నవి.

అద్దె నిర్ణయించే పద్ధతి

చట్టం అధికారాన్ని ఇస్తుంది. ఆ అధికారాన్ని ఏ రీతిగా వినియోగించవలెనో మార్గదర్శక సూత్రాలు చెప్పుతాయి. ప్రధాన ఓడరేవుల భూముల నిర్వహణకై 2014లో జారీ అయి, మరుసటి ఏట వివరణలు పొందిన సూత్రాలు ఇందుకు మంచి ఉదాహరణ. రాష్ట్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ, సమీపంలో గత మూడేళ్ల క్రయవిక్రయాలు, రేవు భూమికే లోగడ పలికిన టెండరు ధర, అధీకృత మదింపుదారుని అంచనా మొదలైన వాటిని పరిశీలించి, సాధారణంగా వాటిలో హెచ్చయిన దానిని మార్కెట్ విలువగా తీసుకోవాలి. అందులో ఏటా 6 శాతానికి తగ్గకుండా అద్దె ఉండాలి. ఆ అద్దె సాలుకు కనీసం 2 శాతం చొప్పున పెరగాలి. కేటాయింపు సాధారణంగా టెండరు, వేలం పద్ధతిలోనే జరగాలి.

దీని అంతరార్థం గ్రహించడానికి ఒక ఊహాత్మకమైన లెక్క చూడవచ్చు. ఎకరా విలువ 10 కోట్ల రూపాయలనుకొంటే, మొదటి ఏడాది అద్దె 60 లక్షలు. ఏటా 2 శాతం పెరిగితే ముప్పయ్యవ ఏట అది సుమారు 1 కోటి 6 లక్షలకు చేరుతుంది. కాని అదే కాలంలో భూమి విలువ ఏటా 7 శాతం పెరిగినట్లయితే ఎకరా 71 కోట్లవుతుంది. దానిపై 6 శాతం అంటే 4 కోట్ల 26 లక్షలకు పైమాటే. ఆ వ్యత్యాసమంతా ప్రజాధనంలో లోటు. లీజు పత్రంపై సంతకం చేసేనాడు పెంపుదల రేటు నిర్ణయించడంలో చూపే చిన్న ఉపేక్ష, ముప్పయి ఏళ్ల పాటు ప్రజలను వెన్నాడుతుంది.

అట్లని అద్దెను ఇష్టానుసారం పెంచడమూ న్యాయం కాదు. ముంబయిలో పాత లీజుదారుల అద్దెలను ఒక్కసారిగా పెంచినప్పుడు తలెత్తిన వివాదం రెండు దశాబ్దాలకు పైగా నడచినది. జంషెడ్ హోర్ముస్‌జీ వాడియా కేసులో సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పుతూ, పోర్టు ట్రస్టు రాజ్యాంగరీత్యా ప్రభుత్వంలో భాగమనీ, లాభార్జనే ధ్యేయంగా గల ప్రైవేటు యజమాని వలె వ్యవహరించరాదనీ, అయితే కాలానుగుణంగా సహేతుకమైన అద్దె రాబట్టుకోవచ్చుననీ స్పష్టపరచినది. అంతకు పూర్వం 1989లో ద్వారకాదాస్ మార్ఫాతియా కేసులోను, అద్దె నియంత్రణ చట్టం నుండి మినహాయింపు ఉన్నంత మాత్రాన ట్రస్టు ప్రజాప్రయోజనాన్ని విస్మరించి కిరాయిదారును ఖాళీ చేయించరాదని చెప్పినది.

గడువు ముగిసిన పిదప

లీజుకు అసలైన పరీక్ష దాని గడువు ముగిసిననాడు ఎదురవుతుంది. భూమి తిరిగి రాకపోతే లీజు పేరుకే లీజు. ఫలితంలో అది విక్రయమే. ఇట్టి స్థితిని నివారించడానికి 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం ఉన్నది. ఎస్టేట్ అధికారి సంజాయిషీ నోటీసు జారీ చేసి, విచారణ జరిపి, అనధికారంగా ఉన్నవారిని తొలగించవచ్చు; నష్టపరిహారం వసూలు చేయవచ్చు. జిల్లా న్యాయమూర్తికి అప్పీలు చేసుకొనే అవకాశం ఉన్నది. కాని ఆ మెట్లన్నీ దాటి, వ్యాజ్యాలన్నీ ముగిసేవరకు భూమి ప్రజలకు అక్కరకు రాదు. గడువు ముగియడానికి చాలా ముందుగానే తదుపరి వినియోగాన్ని నిర్ణయించుకొనే సంస్థలకే ఈ చిక్కు తక్కువ.

తీరం కోరని వ్యాపారానికి తీరమెందుకు?

లీజు పత్రం ఒక్కటే నిర్మాణానికి చాలదు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991లో వెలువడిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన, పోటునీటి రేఖ నుండి 500 మీటర్ల వరకు గల భూమిని నియంత్రణలోకి తెచ్చినది. దానిని 2011లోను, 2019లోను సవరించి కొత్తగా ప్రకటించారు. తీరం తప్ప అన్యత్ర సాధ్యంకాని కార్యకలాపాలకు ప్రత్యేక స్థానమివ్వడం ఈ నియమాల మూలసూత్రం. ఓడల మరమ్మతుకు, చేపల రేవుకు నీటి అంచే కావాలి. బట్టల దుకాణానికి అక్కరలేదు. లీజు నిర్ణయాలకూ ఇదే గీటురాయి కావలసి ఉన్నది. రేవుకు పనికిరాని లోపలి భూమిని వాణిజ్యానికిచ్చి ఆదాయం పొందడంలో దోషం లేదు. విశాఖలో శాలగ్రామపురం వద్ద రేవు భూమిలో వాణిజ్య సముదాయానికి 2023లో శంకుస్థాపన జరిగినది. కాని అచ్చంగా నీటిని ఆనుకొని ఉన్న భూమి విషయంలో మాత్రం అదే ఉదారత తగదు.

చట్టం చెప్పని మాట

ఇన్ని నియమాల మధ్య ఒక లోటు మిగిలియున్నది. 2021 చట్టం రేవు బోర్డు తన పరిధిలో స్వంత మాస్టర్ ప్లాన్ రూపొందించుకోవచ్చుననీ, స్థానిక సంస్థల నిబంధనలతో విభేదం వచ్చినచో బోర్డు ప్రణాళికే చెల్లుతుందనీ చెప్పుతున్నది. రేవు పనులు త్వరగా సాగడానికి ఇది ఉపకరించవచ్చు. కాని రేవు గోడకు ఈవల ఉన్న నగరం, పురపాలక సంఘం, జాలరి పల్లె తమ అభిప్రాయాన్ని చెప్పుకొనే చోటు ఏది? బోర్డులో రాష్ట్ర ప్రభుత్వానికి, రైల్వేలకు, రక్షణశాఖకు, కస్టమ్సుకు, కార్మికులకు స్థానమున్నది. తరతరాలుగా ఆ తీరాన్నే నమ్ముకొని బ్రతుకుతున్న మత్స్యకారులకు ప్రత్యేకంగా స్థానం లేదు.

ఈ లోటు ఊహాజనితం కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఒప్పందం కింద నిర్మితమై 2009లో ప్రారంభమైన గంగవరం రేవు వలన, గంగవరం, దిబ్బపాలెం గ్రామాల మత్స్యకారులు పడవలు దించుకొనే చోటును పోగొట్టుకొని ఆందోళనకు దిగిన సంగతి తెలుగువారికి తెలిసినదే. వారిలో చాలామందికి తీరంపై పట్టా లేదు. ఉన్నది అలవాటు మాత్రమే. పత్రం లేని హక్కును లీజు పత్రం ఇట్టే తుడిచివేయగలదు. నష్టపరిహారం ఇంటిని తిరిగి ఇవ్వవచ్చునేమో గాని, సముద్రంలోకి దారిని ఇవ్వలేదు.

ఈ స్థితిని చక్కదిద్దడానికి పెద్ద శాసనాలు అక్కరలేదు. నీటి అంచున ఏ లీజు మంజూరు చేసినా, ప్రజలు నడిచే బాటకు, పడవలు దిగే చోటుకు ముందుగా స్థలం వదలి, తక్కిన దానినే వేలానికి పెట్టవచ్చు. లీజుదారు, విస్తీర్ణం, అద్దె, గడువు ముగిసే తేదీ తెలిపే పట్టికను ప్రతి రేవు సంస్థ ప్రజల ముందుంచవచ్చు. వేలం ప్రకటనకు ముందు స్థానిక సంస్థల, మత్స్యకార సహకార సంఘాల అభిప్రాయాన్ని వ్రాతపూర్వకంగా తీసుకొనవచ్చు. ఇవన్నీ ఉన్న చట్టాల పరిధిలోనే సాధ్యమయ్యేవి.

రేవు అభివృద్ధి చెందడం జాతికి అవసరం. భూమి నుండి వచ్చే ఆదాయం రేవులకు బలాన్నిస్తుంది. ఆ బలం దేశ వాణిజ్యానికి ఊతమవుతుంది. అయితే గుజరాత్ నుండి వంగదేశం వరకు తీరం పొడవునా జీవించే కోట్లాది ప్రజలకు సముద్రం ఉమ్మడి వాకిలి. ఆ వాకిలిలో కొంతభాగం ఎవరికి, ఎంతకాలానికి ఇచ్చినా, రాకపోకలకు దారి మూసుకుపోకుండా చూడడమే ధర్మకర్త విధి.