డెమోలో అన్నీ సూపరే!

మా క్లినిక్‌లో రికార్డులన్నీ ఇంకా కాగితాల మీదే. కంప్యూటర్‌కి మారదామని డాక్టర్‌గారు మూడు కంపెనీలను పిలిచి, ఎంపిక నాకు అప్పగించారు. డెమోలో మూడూ సూపరే! నేను మాత్రం పెన్సిలిన్ పడని ఓ పెద్దాయన ఫైలు తీశా. పేరు మార్చి ఎక్కించి, అమాక్సిసిలిన్ రాశా. అదీ పెన్సిలిన్ జాతి మందే కదా! రెండు సాఫ్ట్‌వేర్లు కిక్కురుమనలేదు. మూడోది వెంటనే హెచ్చరించింది. హమ్మయ్య అనుకుని నెట్ తీసేశా. అదీ ఆగిపోయింది. మా దగ్గర సరిగ్గా సాయంత్రం ఓపీ టైముకే కరెంటు పోతుంది మరి!

14 అంకెల ఆభా నంబరు కలుస్తుందా అంటే కలుస్తుందన్నారు. రేపు కంపెనీ మారితే మా డేటా మాకిస్తారా అంటే మాత్రం ‘చూద్దాం మేడమ్’!

ఇంకా ఏదీ కొనలేదు. ప్రస్తుతానికి పెద్దాయన ఫైలు అట్టమీద ఎర్ర స్కెచ్‌తో ‘పెన్సిలిన్ పడదు’ అని పెద్దక్షరాలతో రాసిపెట్టా.