గుంటూరు గ్రహణం, ఖతార్ వాయువు: మన పిల్లల విజ్ఞాన విద్య

ఖతార్‌లో నివసించే తెలుగువారు నలుగురు కలిసిన చోట సంభాషణ ఏ విషయంతో మొదలైనా, కొంతసేపటికి అది పిల్లల చదువు వైపు మళ్లటం సహజం. పదవ తరగతి ముగించిన బిడ్డను ఇక్కడే ఉంచవలెనా, హైదరాబాదుకో విజయవాడకో పంపవలెనా అన్న ప్రశ్న ప్రతి ఇంటా ఏదో ఒకనాడు తలెత్తుతుంది. "అక్కడ ఉన్న అవకాశాలు ఇక్కడ ఎక్కడివండీ?" అన్నది ఆ ప్రశ్న వెనుక దాగిన బెంగ. 2022లో నీట్ పరీక్షకు దోహాలో కేంద్రం ఏర్పడటంతో ఆ బెంగ కొంత తగ్గినా, పూర్తిగా తొలగిపోలేదు.

రసాయన శాస్త్ర పరిశోధనలో చాలకాలంగా ఉన్నవాడిగా ఒక మాట విన్నవించుకుంటాను. ప్రవేశ పరీక్షకు శిక్షణ వేరు, విజ్ఞాన విద్య వేరు. మొదటిది తెలిసిన ప్రశ్నకు తెలిసిన జవాబును త్వరగా వ్రాయటం నేర్పుతుంది. రెండవది ఎవరూ అడగని ప్రశ్నను అడగటం నేర్పుతుంది. ఈ రెండవ విద్యకు కావలసిన వనరులు ఈ చిన్న దేశంలో కొల్లలుగా ఉన్నాయి. వాటిని గుర్తించే అలవాటే మనకు కొరవడింది.

ఇందుకు హీలియం కథ చక్కని నిదర్శనం. 1868 ఆగస్టు 18న తెలుగుదేశం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. దానిని పరిశీలించటానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నంలోను తమ వర్ణపటదర్శినులతో సిద్ధంగా ఉన్నారు. సూర్యబింబం అంచున లేచే జ్వాలల కాంతిని విడదీసి చూడగా ప్రకాశవంతమైన రేఖలు కనిపించాయి. వాటిలో పసుపుపచ్చని రేఖ ఒకటి సోడియం రేఖకు చాలా సమీపంలో ఉన్నది గాని, సరిగా దానితో ఏకీభవించలేదు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్ గ్రహణం లేకుండానే ఆ రేఖను పరిశీలించాడు. అది భూమి మీద ఎరుగని మూలకానిదని భావించారు. గ్రీకు భాషలో సూర్యునికి గల పేరును బట్టి ఆ మూలకానికి హీలియం అన్న పేరు వచ్చింది. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజం నుండి ఆ వాయువును వేరు చేసేవరకు, దాదాపు ఇరవై ఏడేళ్లు, అది సూర్యునిలో మాత్రమే ఉన్న పదార్థం!

ఆ వాయువు నేడు మన ముంగిట ఉన్నది. దోహాకు ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన ఉన్న రాస్ లఫాన్‌లో సహజవాయువును సున్నాకు దిగువన 162 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరచి ద్రవంగా మారుస్తారు. ఆ చలికి కూడా ద్రవీభవించక మిగిలిపోయే వాయువులలో హీలియం ఒకటి. అది ద్రవంగా మారాలంటే సున్నాకు దిగువన 269 డిగ్రీల చలి కావలెను. ఖతార్ ఉత్తర క్షేత్రపు వాయువులో హీలియం పాలు నూటికి 0.04 వంతు మాత్రమే. అయినా అక్కడ శుద్ధి అయ్యే సహజవాయువు రాశి అపారం గనుక, 2005లో ఒకటి, 2013లో మరొకటి హీలియం కర్మాగారాలు వెలిశాయి. 2023 నాటి ప్రపంచ ఉత్పత్తిలో ఇంచుమించు మూడవ వంతు ఖతార్‌దే. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రాల అయస్కాంతాలను చల్లగా ఉంచేది ఈ ద్రవ హీలియమే.

తాతలనాటి గుంటూరు ఆకాశంలో కనిపించిన వాయువే, తండ్రి ఉద్యోగం చేసే రాస్ లఫాన్‌లోనూ ఉన్నదన్న సంగతి మన పిల్లలలో ఎందరికి తెలుసు? ఆవర్తన పట్టికలో రెండవ గడి అని మాత్రం అందరికీ తెలుసు. లోపం పిల్లలది కాదు. పన్నెండవ తరగతి సి.బి.ఎస్.ఇ. రసాయన శాస్త్రంలో ప్రయోగాలకు కేటాయించినవి 30 మార్కులు. అందులో విద్యార్థి స్వయంగా ఒక ప్రశ్న ఎంచుకొని పరిశోధించవలసిన ప్రాజెక్టుకు 4. నాలుగు మార్కుల కోసం నాలుగు నెలలు ఎవరు వెచ్చిస్తారు? పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలకు న్యాయనిర్ణేతగా వెళ్లినప్పుడు ఎంతో అందమైన నమూనాలు చూశాను. "ఈ కొలత ఎన్నిసార్లు తీశావమ్మా?" అని అడిగితే మాత్రం చాలామంది మౌనం వహించారు. కొలవని విజ్ఞానం కంఠస్థం చేసిన కథ వంటిదే.

కొలవటానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. బూట్లు వచ్చిన అట్టపెట్టెకు ఒక ప్రక్క సన్నని చీలిక చేసి, ఎదుటి ప్రక్క పాత సీడీ ముక్కను వాలుగా అమర్చి, దానిని చూడటానికి ఒక రంధ్రం చేస్తే వర్ణపటదర్శిని సిద్ధమవుతుంది. సీడీ మీద మిల్లీమీటరుకు సుమారు 625 గాడులు ఉంటాయి. అవే కాంతిని రంగులుగా విడదీస్తాయి. పెద్దలు దగ్గర ఉండి, గ్యాస్ పొయ్యి నీలిమంటలో చిటికెడు ఉప్పు చల్లితే సోడియం పసుపు రేఖ తళుక్కుమంటుంది. దాని తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్లు. హీలియం రేఖది 587.6. ఈ స్వల్ప భేదాన్ని మన అట్టపెట్టె పట్టలేదు. ఎందుకు పట్టలేదు, పట్టాలంటే ఏమి మార్చాలి అని బిడ్డ అడిగిన క్షణాన 1868 నాటి శాస్త్రజ్ఞుల ప్రశ్న ఆ బిడ్డ ప్రశ్న అవుతుంది. ఈ పరికరాన్ని సూర్యుని వైపు మాత్రం ఎన్నడూ త్రిప్పరాదు.

మరొక ప్రయోగానికి సముద్రమే ముడిసరుకు. మహాసముద్ర జలంలో లీటరుకు సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఎండ తీవ్రత, నదుల కొరత, ఇరుకైన హోర్ముజ్ జలసంధి కారణంగా మన గల్ఫు నీటిలో అవి 40 గ్రాములు దాటుతాయి. తూచిన పళ్లెంలో అర లీటరు నీరు పోసి డాబా మీద ఆరబెట్టి తిరిగి తూచితే చాలు. కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఉన్న పెదనాన్నగారి పిల్లలు అక్కడ అదే పని చేసి ఫోనులో అంకెలు చెబితే, గోదావరి, కృష్ణ నదులు సముద్రానికి ఏమి చేస్తున్నాయో పాఠం లేకుండానే బోధపడుతుంది. తూకం అనుకున్నదానికన్న హెచ్చు వచ్చిందా? మెగ్నీషియం క్లోరైడు తేమను వదలదు. ఆ చిక్కును విప్పటమే రసాయన శాస్త్రం. ఇంటి కుళాయి నీటితోను ఇదే చేసి చూడవలెను. అది కూడా ఒకనాటి సముద్రజలమే గదా! అల్ ఖోర్ సమీపాన అల్ తఖీరా తీరంలో పెరిగే మడచెట్లు, మన కోరింగ అడవిలోని అవిసీనియా మెరీనా జాతివే. తుంచకుండా వాటి ఆకుల మీది ఉప్పు స్ఫటికాలను భూతద్దంతో చూడవచ్చును.

ఇంటిని దాటి వెళితే సంస్థలూ ఉన్నాయి. 2018లో లాంఛనంగా ప్రారంభమైన ఖతార్ జాతీయ గ్రంథాలయంలో పది లక్షలకు పైగా గ్రంథాలు, పిల్లలకు ప్రత్యేక విభాగం ఉన్నాయి. నివాస గుర్తింపు కార్డు గలవారికి సభ్యత్వం ఉచితం. ఖతార్ విశ్వవిద్యాలయపు అధునాతన పదార్థాల కేంద్రం రూపొందించిన 'అల్ బైరఖ్' కార్యక్రమం ఉన్నత పాఠశాల విద్యార్థులకు నిజమైన పరిశోధన రుచి చూపించింది. 2019 డిసెంబరులో అంతర్జాతీయ జూనియర్ సైన్స్ ఒలింపియాడ్ దోహాలోనే జరిగింది. భారత జట్టులోని ఆరుగురూ స్వర్ణ పతకాలు గెలిచారు. అయితే సంస్థలు శాశ్వతం కావు. 2003 నుండి ఇక్కడ నడుస్తున్న టెక్సాస్ ఏ అండ్ ఎం శాఖను 2028 నాటికి ముగించాలని మాతృసంస్థ 2024లో నిర్ణయించింది. కనుక సంస్థను నమ్ముకోవటం కన్న అలవాటును పెంచుకోవటం మేలు.

ఈ సందర్భంలో మరొక వర్గాన్ని విస్మరించరాదు. ఈ నగరాన్ని కట్టిన మన కార్మిక సోదరుల పిల్లలలో అత్యధికులు ఇక్కడ లేరు. కరీంనగర్, నిజామాబాదు, గోదావరి జిల్లాల గ్రామాలలో, జిల్లా పరిషత్ పాఠశాలలలో చదువుకుంటున్నారు. వారికోసం జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రికను తెచ్చింది. 1999లో స్థాపితమైన అగస్త్య సంస్థ కుప్పం సమీపాన 172 ఎకరాల విజ్ఞాన ప్రాంగణాన్ని నెలకొల్పి, ప్రయోగ సామగ్రిని వాహనాలలో పల్లెలకు చేర్చింది. కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ మానక్ పథకం 6 నుండి 10వ తరగతి వరకు చదివే పిల్లల సొంత ఆలోచనలకు 10,000 రూపాయలు ఇస్తూ వచ్చింది. ఊరి ప్రధానోపాధ్యాయునికి ఇక్కడి తండ్రి చేసే ఒక ఫోను, ఆ పథకంలో తన బిడ్డ పేరు చేరటానికి కారణం కావచ్చును.

మన సంఘ సభ్యులలో వాయువును ద్రవంగా మార్చే ఇంజనీర్లు ఉన్నారు, ఉప్పునీటిని మంచినీరుగా చేసేవారు ఉన్నారు, ఎం.ఆర్.ఐ. నడిపే వైద్య నిపుణులు ఉన్నారు. నెలకు ఒక శుక్రవారం ఉదయం, రెండు గంటలు, వీరిలో ఒకరు పదిమంది పిల్లల ఎదుట కూర్చొని తమ పని గురించి చెప్పి, ఒక కొలత చేయించగలిగితే అంతకు మించిన విజ్ఞాన కేంద్రం ఉండదు. అక్కడ చేసిన ప్రయోగాన్నే సెలవులకు వెళ్లేటప్పుడు ఒక డబ్బాలో సర్ది సొంత ఊరి బడికి చేర్చవచ్చును. అట్టపెట్టె, సీడీ ముక్క, భూతద్దం, చిన్న త్రాసు, అన్నీ కలిపి రెండు కిలోలకు మించవు. విమానంలో మనం మోసుకుపోయే సామానులో ఆ మాత్రం చోటు ఉండకపోదు.