శ్లాబుకు రంగు ఎంత కావాలి?

గదికి రంగు వేయించాలి. "శ్లాబుకే 5 లీటర్లు తెప్పించమ్మా" అంటాడు మేస్త్రి. నిజంగా అంత కావాలా? ఎక్కువ తెస్తే డబ్బు దండగ. తక్కువ తెస్తే పని మధ్యలో ఆగుతుంది. మనమే లెక్క వేసుకుందాం.

కొలవడానికి నిచ్చెన ఎక్కక్కర్లేదు. కింద నేల ఎంతో, పైన శ్లాబు అంతే. గోడ నుంచి గోడకు టేపు పట్టాలి. పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు ఉందనుకుందాం.

12 × 10 = 120 చదరపు అడుగులు.

రెండు పూతలు వేయాలి. కాబట్టి,

120 × 2 = 240 చదరపు అడుగులు.

లీటరు రంగు ఎంత మేరకు వస్తుందో డబ్బా మీద చూడాలి. ఇంగ్లీషులో ఉంటే కొట్టతన్ని చదివి చెప్పమనాలి. లీటరుకు, ఒక పూతకు, 100 చదరపు అడుగులు అని ఉందనుకోండి. 240లో 100 రెండుసార్లు పోతుంది. ఇంకా 40 మిగులుతుంది. అంటే 2 లీటర్లు చాలవు. 3 లీటర్లు సరిపోతాయి. 5 అక్కర్లేదు.

కొన్ని జాగ్రత్తలు:

డబ్బా మీది లెక్క రెండు పూతలకు అయితే, మళ్లీ రెండుతో హెచ్చవేయకూడదు.

కొత్త శ్లాబు, గరుకు శ్లాబు రంగు ఎక్కువ పీలుస్తాయి.

దూలాలుంటే వాటి పక్కలు కూడా కొలిచి కలపాలి.

మిగిలిన రంగు పారేయకండి. మూత గట్టిగా బిగించి దాచండి. మరక పడినచోట పూయవచ్చు.

ఈ లెక్క కాగితం మీద వేసి మేస్త్రికి చూపండి. ఇంకా కావాలంటే ఎందుకో అడగండి. సరైన కారణం చెబితే తెప్పిద్దాం. లెక్క తెలిసి కొంటే మన డబ్బు మన చేతిలో ఉంటుంది.