మెట్టసీమలో అతిథుల పట్టణం

ధర్మవరం నుండి బుక్కపట్నం మీదుగా పుట్టపర్తికి పోవు దారిలో కొత్తచెరువు ఒక మజిలీ. చూడబోతే సాధారణమైన మండల కేంద్రం. చుట్టూ బోడికొండలు, ఎఱ్ఱనేల, వేరుశనగ చేలు, వేపచెట్టు నీడన బస్సుకై కాచుకొన్న జనం. కాని ఈ మజిలీలో ఎన్నో దశాబ్దాలుగా ఒక వింత సాగుతూ వచ్చినది. కూలికై బెంగుళూరు పోవు రైతు కుటుంబం మూటాముల్లెతో బస్సెక్కు చోటనే, ఇటలీ నుండియో జపాను నుండియో వచ్చిన యాత్రికుడు తెల్లని బట్టలతో దిగి, పుట్టపర్తి బస్సు ఏదని వాకబు చేసేవాడు. నీళ్ళు లేవని ఊరివాడు విడిచిపోవు నేలను వెదకుకొంటూ ప్రపంచపు నలుమూలల నుండి అతిథి వచ్చినాడు. ఈ ఎదురుబొదురు ప్రయాణాలలో పుట్టపర్తి కథ సగం ఇమిడి ఉన్నది.

వాన కరవైన సీమలో అతిథులను నమ్ముకొని బ్రదుకు పట్టణం లోకంలో ఇది ఒక్కటే కాదు. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు దక్షిణ భాగాన, కోచెల్లా లోయ అను ఎడారి ఉన్నది. అక్కడ ఏటా పడు వాన ఐదారు అంగుళాలకు మించదు. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అటువంటి చోట 1938లో పురపాలక హోదా పొందిన పామ్ స్ప్రింగ్స్, 1973లో పొందిన పామ్ డెసర్ట్ అను పట్టణాలు గోల్ఫు ఆటకు లోకప్రసిద్ధములైనవి. ఆ ఒక్క లోయలో నూరుకు మించి గోల్ఫు మైదానాలున్నవి. అమెరికా అధ్యక్షుడుగా పనిచేసిన ఐసెన్‌హోవరు పదవి దిగిన పిమ్మట శీతకాలాలు అక్కడనే, చేత గోల్ఫు కర్రతో, గడిపినాడు.

ఆ మైదానాలలో పరచిన పచ్చిక ఏ జాతిదో తెలిసినచో మన పిల్లలు నవ్వుతారేమో. అక్కడివారు దానిని బెర్ముడా గడ్డి అంటారు. వృక్షశాస్త్రజ్ఞులు సైనోడాన్ డాక్టిలాన్ అంటారు. మన గరికయే అది! వినాయక చవితినాడు మనం పత్రితోపాటు పెట్టు గరికను, అనంతపురం రైతు చేలో కనబడితే వేళ్ళతో పెకలించివేయు గరికను, అక్కడ సంకరజాతులుగా పెంచి, తివాచీవలె పరచి, రాత్రింబగళ్ళు తడుపుతారు. గరికకు వేడి కావలెను. చలికాలంలో అది సొమ్మసిల్లి గోధుమరంగుకు తిరుగుతుంది. అతిథులు వచ్చునది సరిగా చలికాలమే. అందుచేత అక్టోబరు ప్రాంతంలో ఆ గరికపై రై అను మరొక గడ్డి విత్తనం చల్లి, అతిథి కంటికి పచ్చదనం తగ్గకుండా చూస్తారు.

ఇంత నీరు ఎక్కడిది? ఆ లోయ అడుగున గొప్ప జలనిధి ఉన్నది. దానిని తోడగా తోడగా మట్టం పడిపోయినది. 1940 దశకం చివర కాలువ త్రవ్వి కొలరాడో నది నీటిని తెచ్చినారు. 1973 నుండి ఆ నది నీటినే ఇసుక మడుగులలో నిలిపి భూమిలోనికి ఇంకించుచున్నారు. వాడిన నీటిని శుద్ధిచేసి కొన్ని మైదానాలకు మరల మళ్ళిస్తున్నారు. ఇంతలో ఆ లోయకు అసలు వారసులైన అగువా కలియెంతె తెగవారు 2013లో న్యాయస్థానం మెట్లెక్కినారు. క్రింది నీటిలో తమకు హక్కు ఉన్నదని వారి వాదం. 2017లో అప్పీలు న్యాయస్థానం ఆ హక్కు నిజమేనని తీర్పు చెప్పినది. అతిథి తొక్కు పచ్చిక వెనుక ఎవరి నీరు ఉన్నదన్న ప్రశ్న అక్కడ న్యాయవాదుల నోటిదాకా వచ్చినది. మనదేశంలోను నంది కొండల పాదాన, బెంగుళూరు నగరానికి ఉత్తరంగా, గోల్ఫు మైదానంతో కూడిన విలాస గృహాలు వెలసినవి. పెన్న పుట్టినది ఆ కొండలలోనే.

పుట్టపర్తిలో గోల్ఫు లేదు. అనంతపురం సీమ నిజమైన ఎడారి కూడ కాదు. ఇక్కడ ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పామ్ స్ప్రింగ్స్‌తో పోల్చిన నాలుగు రెట్లు. అయినను ఈ సగటు అను మాట రైతును మోసగించు మాట. నైరుతి ఋతుపవనాలకు పడమటి కనుమలు అడ్డు. ఈశాన్య ఋతుపవనాలు తూర్పున తమ నీరు దింపుకొని ఇక్కడికి అలసి వస్తవి. రెండు వానలకును ఎడమైన నేల ఇది. ఒక ఏడు పడితే రెండేండ్లు ఎగవేత. పడిన వాన ఇంకుటకు క్రింద నల్లరేగడి లోతు లేదు, నల్లరాతి పలక ఉన్నది. ఆ రాతి పగుళ్ళలో నిలిచినదే బోరు నీరు. జిల్లా పడమటి అంచున, హగరి ఒడ్డున బొమ్మనహాళ్ ప్రాంతంలో ఇసుక దిబ్బలు గాలికి కదలి చేలను కప్పుట చూచినవారు మాత్రం ఎడారి అను మాటను అంత తేలికగా త్రోసివేయలేరు.

ఇటువంటి నేలపై మన పెద్దలు నీటిని ఎట్లు నిలిపినారో ఊళ్ళ పేర్లే చెబుతవి. కొత్తచెరువు అను పేరులోనే చెరువు ఉన్నది. దాని పొరుగున బుక్కపట్నం చెరువు చిత్రావతి నీటిని ఆపి నిలిపిన మహాతటాకం. విజయనగరపు బుక్కరాయల పేర ఆ ఊరు వెలసినదని స్థానికుల మాట. చిత్రావతి కర్ణాటకలో చిక్కబళ్ళాపురం ప్రాంతాన పుట్టి, బాగేపల్లి దాటి, పుట్టపర్తి ప్రక్కగా పారి, బుక్కపట్నం, ధర్మవరం చెరువులను నింపి, చివరకు పెన్నలో కలుస్తుంది. నింపి, అనుట పాతలెక్క. ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుక మాత్రమే.

చెరువు కట్టుట ఆ కాలంలో ఒక శాస్త్రం. కడప జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం ఉన్నది. మంచి చెరువుకు పండ్రెండు అంగములు కావలెనని, ఆరు దోషములు ఉండరాదని అది చెబుతుంది. ధర్మమెరిగిన ప్రభువు, జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడు, గట్టినేల, తీయని నీరుగల ఏరు, రాతికట్ట, నేర్పరులైన పనివారు ఆ అంగములలోనివే. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు ఆ శాసనమే లెక్క చెబుతుంది. కట్టుటతో పని ముగియదు. తూము తెరచి మూయుటకు నీరుగంటి, మరమ్మతుకై దశబంధపు మాన్యం, నిండిన నీరు పోవుటకు మరవ — ఇన్ని ఏర్పాట్లు ఉంటేనే చెరువు బ్రదుకును. ఉపాధ్యాయులు ఈ శాసనాన్ని చరిత్ర పాఠంగా గాక భూగోళ పాఠంగా చెప్పినచో పిల్లలకు మరింత రుచించవచ్చును.

సాహిత్యం చదివినవారికి పుట్టపర్తి అనగానే మొదట మెదలునది ఊరు కాదు, ఇంటిపేరు. శివతాండవ కర్త పుట్టపర్తి నారాయణాచార్యులవారు (1914–1990) పుట్టినది అనంతపురం దగ్గరి చియ్యేడులో. వారి పూర్వుల ఇంటిపేరు తిరుమలవారు. ఆ వంశంలో ఒకరు పుట్టపర్తికి వచ్చి, గండిపడిన చెరువును బాగుచేయించి అక్కడ నిలిచినందున ఆ పేరు స్థిరపడినదని చెబుతారు. అంటే ఒక మహాకవి ఇంటిపేరులో ఒక చెరువు మరమ్మతు దాగి ఉన్నదన్న మాట. చిన్ననాట వారు వ్రాసిన పెనుగొండలక్ష్మి కావ్యం తరువాత విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథమైనది. ఆ పరీక్షకు కూర్చున్నవారిలో కవిగారు కూడ ఉన్నారన్న ముచ్చట పంతుళ్ళకు తెలిసినదే.

ఆ పల్లెలో 1926 నవంబరు 23న జన్మించిన సత్యనారాయణరాజు బుక్కపట్నం బడికి రోజూ నడచిపోయి చదివిన పిల్లవాడు. 1940లో, ఉరవకొండలో ఉండగా, బడి విడిచి, సత్యసాయిబాబాగా ప్రకటించుకొన్నారు. చిత్రావతి ఇసుకలో కూర్చున్న కొద్దిపాటి భక్తులతో మొదలైన వ్యవహారం 1950 నవంబరు 23న ప్రశాంతి నిలయం తెరచుటతో ఒక స్థానం సంపాదించినది. 1956లో చిన్న ఆస్పత్రి, 1981లో విశ్వవిద్యాలయం, 1990లో విమానాశ్రయం, 1991లో గుండెజబ్బులకును మూత్రపిండ వ్యాధులకును ఉచితంగా శస్త్రచికిత్స చేయు పెద్ద ఆస్పత్రి. దానికి రూపకల్పన చేసినవారు ఆంగ్ల వాస్తుశిల్పి కీత్ క్రిచ్‌లో. 2000లో రైల్వే స్టేషను కూడ వచ్చినది, ఊరికి ఎడంగా, కొత్తచెరువు వైపున. బాబావారి మహిమలను గూర్చి భక్తులకును హేతువాదులకును నడచిన వాదం జగమెరిగినదే. 1976లో బెంగుళూరు విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షులు హెచ్. నరసింహయ్యగారు ఆ మహిమలను పరీక్షించుటకు సంఘాన్నే ఏర్పరచినారు. ఆ వాదంలో ఎవరి పక్షం వారిది. ఊరు మారినదన్న విషయంలో మాత్రం వాదం లేదు.

ఎంత మారినదో చెప్పుటకు ఒక్క ఆట చాలును. 1997 డిసెంబరు 30న ఇక్కడి హిల్ వ్యూ స్టేడియంలో సచిన్ టెండూల్కరు నాయకత్వాన భారత జట్టు, శ్రీలంకకు చెందిన రణతుంగ నాయకత్వాన ప్రపంచ జట్టు క్రికెట్టు ఆడినవి. 2011 జనాభా లెక్కలలో సైతం పుట్టపర్తి జనం పదిహేనువేల పైచిలుకు మాత్రమే! నవంబరు వచ్చెనా, దసరా వచ్చెనా, క్రిస్మసు వచ్చెనా, ఊరి జనానికి ఎన్నో రెట్లు అతిథులు. ఊరంతయు అద్దెగదులు, భోజనశాలలు, కాశ్మీరు శాలువల అంగళ్ళు. చేను విడిచిన రైతుకొడుకు ఆటో తోలసాగినాడు, దానితోపాటు నాలుగు విదేశీ మాటలు నేర్చినాడు. కాలిఫోర్నియా లోయకు శీతకాలం ఎట్టిదో ఈ ఊరికి పండుగలు అట్టివి.

ఇంతవరకు రెండు ఊళ్ళ నడక ఒక్కటే. దారి చీలినది నీటి దగ్గర.

అనంతపురం పల్లెలలో లోతు బోరుల నీరు త్రాగిన పిల్లల పండ్లపై పసుపు, గోధుమ చారలు పడుతవి. ప్రతి బడిపంతులు తరగతి గదిలో చూచిన గుర్తే అది. రాతిపొరలలోని ఫ్లోరైడు నీటిలో కరగి వచ్చుటయే కారణం. బోరు లోతైనకొద్దీ రాతితో నీటి చెలిమి ఎక్కువ, దోషమూ ఎక్కువ. ముదిరినచో పండ్లతో ఆగక ఎముకలను వంచివేస్తుంది. దీనికి విరుగుడు పైనీరు, లేదా ఏటి ఇసుకలో ఊరిన చెలమ నీరు. సత్యసాయి ట్రస్టు 1995లో తలపెట్టిన మంచినీటి పథకం చేసిన పని ఇదే. పెన్న, హగరి, చిత్రావతుల ఇసుకలో ఊటబావులు త్రవ్వి, పెన్నహోబిలం, చిత్రావతి జలాశయాల నుండి గొట్టాలు వేసి, కొండలపై తొట్లు కట్టి, ఏడువందల పైచిలుకు గ్రామాలకు నీరు చేర్చినారు. ఖర్చు సుమారు 300 కోట్ల రూపాయలు. 1999 నవంబరు 23న తపాలాశాఖ ఆ పథకం పేర బిళ్ళ విడుదల చేసినది. దేశవిదేశాల అతిథులు ఇచ్చిన ధనం ఈ సీమలో పచ్చికగా పరచుకొనక, కొళాయిగా పల్లెకు పోయినది. బిందె పట్టుకొని మైళ్ళు నడచిన ఆడపిల్లకు బడికి పోవు వేళ చిక్కినది. పుట్టపర్తి చేసిన పనులలో దీనినే మొదట చెప్పవలెను. ఆస్పత్రి కూడ దీని తరువాతదే.

అయితే కట్టుట వేరు, నిలుపుట వేరు. పథకం ప్రభుత్వం చేతికి వచ్చినది. మోటార్లు నడపి, గొట్టాల పగుళ్ళు పూడ్చు కార్మికులు జీతాలు నెలల తరబడి అందక సమ్మెకు దిగిన సందర్భాలు ఒకటి కాదు. సమ్మె జరిగిన వారంలో పల్లె మరల బోరు దగ్గరకే పోతుంది. నీరుగంటికి మాన్యం ఇచ్చిన కాలం ఆపాటి సంగతి ఎరిగినది.

2011 ఏప్రిల్ 24న బాబావారు కన్నుమూసినారు. ఒక్క మనిషిని చూడవచ్చిన అతిథులు ఆ మనిషి లేనప్పుడు తగ్గుట సహజం. అప్పులు తెచ్చి అంతస్తులు లేపినవారి గదులు ఖాళీ పడినవి. ఆటోల వరుస పొడవైనది, బాడుగ తగ్గినది. గరిక ఎండిన గోల్ఫు ఊరి గతి ఎట్టిదో ఆ రెండు మూడేండ్లలో పుట్టపర్తి చవిచూచినది. ఆస్పత్రియు విశ్వవిద్యాలయమును నిలిచినందున ఊరు పూర్తిగా కూలలేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడి, దానికి బాబావారి పేరు పెట్టి, పుట్టపర్తిని కేంద్రంగా చేసినారు. ఇప్పుడు వచ్చువారిలో దర్శనార్థులతోపాటు అర్జీదారులు కూడ ఉన్నారు. అర్జీదారునికి పండుగ ఋతువు లేదు. అద్దెగది వానికి అక్కరలేదు, కాఫీ మాత్రం త్రాగుతాడు. 2025 నవంబరులో శతజయంతి ఉత్సవాలకు ఊరు మరల క్రిక్కిరిసినది.

నీటి కథ కూడ మలుపు తిరిగినది. శ్రీశైలం వెనుక నిలిచిన కృష్ణనీటిని కర్నూలు సీమలోని మల్యాల దగ్గర ఎత్తి, మెట్లు మెట్లుగా పంపులతో పైకి తోడుతూ, హంద్రీ-నీవా కాలువ ఈ పీఠభూమిపైకి తెచ్చినది. పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం, బుక్కపట్నం మండలంలోని మారాల జలాశయం ఆ కాలువ సంతానమే. పెనుకొండ ప్రాంతాన 2019 నుండి కార్లు తయారుచేయు కర్మాగారానికి నీరు గొల్లపల్లి నుండియే. చెరువులకు ఎంత, కార్లకు ఎంత, పట్టణానికి ఎంత అన్న లెక్క ఇంకను తేలలేదు. కాలువ వెంట ఉన్న ప్రతి ఊరు ముందు తన చెరువు నిండవలెనని అంటున్నది.

బుక్కపట్నంలో ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ఉన్నది. రేపు ఈ సీమ బడులలో పాఠం చెప్పబోవువారు అక్కడ చదువుకొంటారు. ఆ ఊరి చెరువుకట్టపై నిలిచి చూచినచో పుట్టపర్తి వైపు కొండలు కనబడుతవి. నీరున్న ఏడు ఆ కొండల నీడ చెరువులో పడుతుంది. లేని ఏడు చెరువు నడుమ మేకలు మేస్తుంటవి, అక్కడక్కడ గరిక మీద.